తెలుగు మానేసిన ఇల్లు

నమ్రతకు మూడేళ్ళు నిండిన నెలలో రియాద్‌లోని ఒక క్లినిక్‌లో పిల్లల డాక్టరు పావుగంటసేపు ఆమెను చూసి రెండు సంగతులు చెప్పాడు. పాపకు ఆటిజం ఉందన్నది మొదటిది. ఇంట్లో ఇకమీదట ఒకటే భాష మాట్లాడాలన్నది రెండోది. ఇంగ్లీషైతే మేలన్నాడు. రేపు స్కూల్లో ఎలాగూ అదే కావాలి, ఉన్న మాటలే పోతున్న పిల్లకు రెండు భాషలు వినిపిస్తే ఇంకా గందరగోళ పడుతుందన్నాడు.

మొదటి సంగతి నమ్మడానికి తండ్రి హరనాథ్‌కు ఆరు నెలలు పట్టింది. రెండోదాన్ని మాత్రం ఆ సాయంత్రమే అమలులో పెట్టాడు.

అతనిది హిందూపురం. రియాద్‌లో ఒక నిర్మాణ కంపెనీలో సివిల్ ఇంజనీరు. ఫలానా పని చెయ్యి అంటే రాత్రీపగలూ చేయగల మనిషి. చేయడానికి ఏమీ లేదంటే మాత్రం తట్టుకోలేడు. ఆ రోజు డాక్టరు చెప్పినవాటిలో చేయడానికి వీలున్నది ఆ ఒక్కటే. ఇంటికి రాగానే తెల్లకాగితం మీద ఇరవై ఇంగ్లీషు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాసి, వాటి కింద తెలుగు లిపిలో ఎలా పలకాలో రాసి, భార్యకిచ్చాడు. కమ్ హియర్. సిట్ డౌన్. లుక్ ఎట్ మీ. వాట్ ఈజ్ దిస్?

చాముండేశ్వరి చదువంతా తెలుగు మీడియం. ఇంగ్లీషు పేపరు చదివితే అర్థమయ్యేది గానీ, మాట్లాడబోతే నోరు పెగిలేది కాదు. ఆ కాగితాన్ని రెండు రోజుల్లో కంఠతా పట్టింది. బిడ్డ కోసం అంటే ఏ తల్లి పట్టదు?

అంతకుముందు ఆమె నోరు మూతపడేది కాదు. నమ్రతకు స్నానం చేయిస్తూ, "లాల పోసుకుందాం రా మాయమ్మా, ఈ చెయ్యి ఎవురిది, ఈ కాలు ఎవురిది, చెవుల్లోకి నీళ్ళు పోతాండాయా, పోనీలే పోనీలే" అని ఒకటే ధార. ఏడాదిన్నర వయసులో నమ్రత బువ్వ అనేది, లాల అనేది. తర్వాత ఆ మాటలు ఒకటొకటే రాలిపోయాయి. పిలిస్తే తిరగడం మానేసింది. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే విదిలించుకునేది. ఖర్జూరం గింజలు కడిగి ఆరబెడితే వాటిని కిటికీ గట్టుమీద వరసగా పేర్చేది. తర్వాత ఒక్కొక్కటే స్టీలు గ్లాసులో వేస్తూ ఆ చప్పుడు వినేది. గంటలకొద్దీ అదే ఆట.

ఇప్పుడు స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. చాముండేశ్వరి దగ్గర ఉన్నవి ఇరవై వాక్యాలు. వాటిలో చెవుల్లోకి పోయిన నీళ్ళ గురించి ఏమీ లేదు.

ఒకరోజు మధ్యాహ్నం హరనాథ్ మర్చిపోయిన డ్రాయింగుల కోసం సైటు నుంచి ఇంటికి వచ్చాడు. వంటగదిలోంచి సన్నగా మాటలు వినిపించాయి. ఊరికి ఫోను చేసిందేమో అనుకున్నాడు. తొంగి చూస్తే చాముండేశ్వరి చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతూ బియ్యంతో మాట్లాడుతోంది. "మీరేమో తెల్లగుండారు, మీ మధ్య ఇదొకటి నల్లది, ఇదేం చేసిందని దీన్ని తీసి పారేయల్ల?" అంటోంది. అతన్ని చూసి ఆపేసింది. అతను డ్రాయింగులు తీసుకుని వెళ్ళిపోయాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. నమ్రతకు ఐదేళ్ళు దాటాయి. రెండు స్కూళ్ళు వద్దన్నాయి. రోజూ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా హరనాథ్ బొమ్మల కార్డులు పట్టుకుని కూతురి ముందు కూర్చునేవాడు. దిస్ ఈజ్ యాన్ యాపిల్. సే యాపిల్. నమ్రత ఒళ్ళంతా కర్రలా బిగబట్టుకుని గోడకేసి చూసేది. ఇంగ్లీషు రాలేదు, తెలుగు తిరిగి రాలేదు.

కంపెనీ డ్రైవరు మస్తాన్ వలీది రాయచోటి. ఒకరోజు సైటుకు పోతూ తనే కదిలించాడు.

"సార్, ఏమనుకోవద్దు. మా ఫారూఖ్ భాయ్ అని జగిత్యాలాయన ఉండాడు. వాళ్ళామె ఇట్లాంటి పిల్లోళ్ళకు మాటలు నేర్పే చదువు చదివింది హైదరాబాదులో. ఈడ పొద్దున పూట ఒక సెంటర్‌కు పోతాది. అడిగి చూడమంటారా?"

"ఏం పేరు?"

"ముబష్షిరా. బేస్తవారం సాయంత్రం ఇంటికొచ్చి చూస్తాదంట. భర్తను వెంటబెట్టుకొనే వస్తాది."

బేస్తవారం, అంటే గురువారం, అక్కడ సెలవురోజు. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక వాళ్ళిద్దరూ వచ్చారు. ముబష్షిరా ముప్పై అయిదేళ్ళ మనిషి. బురఖాతోనే లోపలి గదిలోకి వెళ్ళింది. మధ్య కర్టెన్ వేశారు. ముందుగదిలో హరనాథ్, ఫారూఖ్ టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. లోపలి మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"నేనేం చెయ్య చెల్లె, ఊకె కూసుంట. మీరిద్దరు రోజూ ఎట్లుంటరో గట్లనే ఉండుండ్రి," అంది ముబష్షిరా.

కాసేపటికి చాముండేశ్వరి గొంతు వినిపించింది. నమ్రతా, కమ్ హియర్. సిట్ డౌన్. లుక్ ఎట్ మీ. వాట్ ఈజ్ దిస్? మళ్ళీ, వాట్ ఈజ్ దిస్? ఆ గొంతు హరనాథ్‌కు బడిలో పాఠం అప్పజెప్పే పిల్ల గొంతులా వినిపించింది. రోజూ వినేదే. పక్కన పరాయి మనిషి కూర్చుని వింటుంటే వేరేగా ఉంది.

తర్వాత గింజలు గ్లాసులో పడే చప్పుడొకటే వినిపించింది.

"పాపతోని ఎప్పుడు గిట్లనే మాట్లాడ్తవా చెల్లె?"

"అవునక్కా."

"ఇంగ్లీషుల?"

"డాక్టరు చెప్పినాడు. రెండు బాషలైతే పాపకు ఇబ్బంది అయితాదని."

"నీకు ఇంగ్లీషు మంచిగొస్తదా?"

చాముండేశ్వరి గాజుల చప్పుడు వినిపించింది.

"ఎన్ని దినాలాయె గిట్ల?"

"రెండేండ్లు దాటింది."

ఫారూఖ్ గోడమీది క్యాలెండరును చూస్తూ కూర్చున్నాడు. హరనాథ్ చేతిలో టీ చల్లారిపోయింది.

"డాక్టర్ సాబ్ మంచికే చెప్పిండు కావచ్చు," అంది ముబష్షిరా మెల్లగా. "కాని అట్లేం లేదు చెల్లె. రెండు బాషలు విన్నందుకు ఏ పిల్లకూ మాట పోదు. నీకు ఏ బాషల ముద్దుచెయ్య వస్తదో గా బాషలనే మాట్లాడు."

"ఏం మాట్లాడల్ల?"

"ఏదన్న. పాప ఏం చేస్తున్నదో గదే చెప్పు."

హరనాథ్ చెవి ఒగ్గి విన్నాడు. భార్య మాట్లాడుతుందని ఎదురుచూశాడు. గొంతు సవరించుకోవడం వినిపించింది, మళ్ళీ సవరించుకోవడం, ఆ తర్వాత ఏడుపు. గట్టిగా కాదు, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చే ఏడుపు. దాని మధ్య గింజలు గ్లాసులో పడుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

వాళ్ళు వెళ్ళాక హరనాథ్ అన్నాడు, "ఆ డాక్టరు ఎంత చదువుకున్నోడు. ఈమె మాట పట్టుకొని..."

ఏ విషయంలోనైనా 'మీ ఇష్టం' అనే చాముండేశ్వరి ఆరోజు అలా అనలేదు.

"మీరు ఇంగ్లీషే మాట్లాడుకోండి. నేను తెలుగు మాట్లాడ్తా," అంది.

మర్నాడు పొద్దున స్నానాలగది తలుపవతల నుంచి ఆమె గొంతు విన్నాడు. "లాల," అంది. చాలాసేపటికి మళ్ళీ, "లాల పోసుకుందామా?" అంది. చాలా కాలంగా వాడని కుట్టుమిషన్ను తిప్పినట్టు ఆగి ఆగి వచ్చాయి మాటలు. హరనాథ్ పేపరు పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయాడు. ఆ పేజీ తిప్పనే లేదు.

ముబష్షిరా వారం వారం వచ్చింది. ఆమె నేర్పింది బిడ్డకు కాదు, తల్లికి. పాప కంటే కిందుగా, మొహం కనిపించేలా కూర్చోవాలి. తను చూపించింది పాప చూడాలని పట్టుబట్టకూడదు, పాప చూస్తున్నదాన్ని తను చూడాలి. పాప ఏం చేస్తే అది చేయాలి. ఒకటి రెండు మాటలే అనాలి. అన్నాక నోరు మూసుకుని, మనసులో పది లెక్కపెట్టి, ఎదురుచూడాలి. పాప చిన్న కూత వేసినా, చూపు తిప్పినా, అది తనతో అన్న మాటే అనుకుని బదులివ్వాలి.

చాముండేశ్వరి కిటికీ గట్టు పక్కన నేలమీద కూర్చుంది. నమ్రత గింజ వేస్తే తనూ ఒకటి వేసింది. "పడె," అంది. ఎదురుచూసింది. మొదటి నెల నమ్రత గ్లాసు లాక్కుని వెనక్కి తిరిగి కూర్చుంది. రెండో నెల వెనక్కి తిరగలేదు. మూడో నెల, తల్లి వేయడం ఆలస్యం చేస్తే చెయ్యి ఆపి ఆమె వేళ్ళవైపు చూసింది.

నాలుగో నెలలో ఒకరోజు సైటు ఆఫీసుకు ఫోను వచ్చింది. ఎన్నడూ అక్కడికి ఫోను చేయని చాముండేశ్వరి.

"ఏమండీ. పాప ఇంగ అనింది."

"ఏంది?"

"దాని గింజలు అయిపోయినాయి. నేను కొన్ని చేతిలో పెట్టుకొని ఊరికే ఉంటి. నా మొగం చూసి, ఇంగ అనింది. రెండు సార్లు."

ఇంకా కావాలన్నా, ఇక చాలన్నా వాళ్ళ ఊళ్ళో అందరూ అనే మాట అది. ఇంగ కొంచెం పెట్టు, ఇంగ చాలు. హరనాథ్ ఫోను పెట్టేసి బయటికి వచ్చి, కాంక్రీటు పోస్తున్నచోట కాసేపు నిలబడ్డాడు. సంతోషం వేసింది. ఆ సంతోషం అడుగున ఇంకొకటి ఉంది. ఇరవై వాక్యాల కాగితంలో ఆ మాట లేదు. ఆ మాట రావడానికి రెండేళ్ళు అడ్డం నిలబడింది ఎవరో అతనికి తెలుసు.

తెలిసినా కార్డులు మానలేదు. మానితే ఆ తెలిసినదాన్ని ఒప్పుకున్నట్టే. సాయంత్రం ఏడింటికి యథాప్రకారం కూర్చునేవాడు.

ఊరికి వీడియో టేపులు పంపడానికి కొన్న హ్యాండీక్యామ్ ఒకటి ఇంట్లో ఉండేది. ముబష్షిరా దాన్ని చూసి, తల్లి ఆడేది కొంచెం, తండ్రి ఆడేది కొంచెం తీసి ఉంచమంది. తర్వాతి గురువారం కర్టెన్ పక్కకు జరిపి, "అన్నా, మీరు గుడ రాండ్రి. మావారు గుడ వస్తరు. అందరం చూద్దాం," అని పిలిచింది.

ముందు చాముండేశ్వరిది వేశారు. ఆమె నవ్వుతూ, తప్పులు పట్టుకుంటూ చూసింది. "ఈడ నేను తొందరపడితి అక్కా," అంది.

తర్వాత హరనాథ్‌ది. టీవీలో తనను తాను చూసుకోవడం అతనికి కొత్త. కార్డు పైకెత్తి పట్టుకున్నాడు. సే యాపిల్. లుక్ ఎట్ డాడీ. నమ్రత బిగుసుకుని పక్కకు చూస్తోంది. అది అతనికి తెలిసిందే.

"ఈడ చూడుండ్రి అన్నా," అని ముబష్షిరా కొంచెం వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. "కార్డు చూడకుండ్రి. పాప ఎడమ చెయ్యి."

నమ్రత గుప్పిట ఒళ్ళోంచి మెల్లగా లేచింది. తెరుచుకుంది. అందులో ఒక ఖర్జూరం గింజ. ఆ చెయ్యి తండ్రి మోకాలి దాకా వచ్చి ఆగింది. టీవీలోని హరనాథ్ దాన్ని చూడలేదు. కార్డుకు అడ్డం వచ్చిందని పక్కకు తోశాడు. లుక్ హియర్, అన్నాడు. చెయ్యి వెనక్కి పోయింది. కొంచెంసేపటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తోశాడు. మూడోసారి సగం దూరం వచ్చి, దానంతట అదే ఆగి, గుప్పిట మూసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

ముబష్షిరా టేపు ఆపింది.

హరనాథ్ లేచి, మెట్లు దిగి, వీధిలో ఆపి ఉన్న తన కారులో కూర్చున్నాడు. ఏసీ వేసుకోలేదు. చెమటలు కారుతున్నాయి. ఎన్ని సాయంత్రాలు? టేపు లేని సాయంత్రాల్లో ఆ చెయ్యి ఎన్నిసార్లు వచ్చి వెళ్ళింది? పొద్దుగూకి మగ్రిబ్ అజా మొదలయ్యేవేళకు ఫారూఖ్ వచ్చి తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాడు.

"మా ఆమెకు ఒక తమ్ముడుండె అన్నా," అన్నాడు. "గిట్లనే. మాట లేకుండె. జగిత్యాలల అప్పుడు ఎవలకు ఏం తెల్సు? పిచ్చి అన్నరు, గాలి అన్నరు. ఇరవై రెండేండ్లకు జ్వరమొచ్చి పోయిండు. ఎక్కడ నొస్తుందో చెప్పరాకపాయె. గాయన పోయినంకనే ఈమె ఈ చదువుకు పోయింది."

హరనాథ్ తల ఊపాడు.

"మీ పాప ఇంకా చెయ్యి చాపుతున్నది అన్నా," అని ఫారూఖ్ నమాజుకు దిగిపోయాడు.

మరునాటి నుంచి హరనాథ్ కార్డులు తీయలేదు. నేలమీద కూర్చున్నాడు. కానీ అతను కూర్చోగానే నమ్రత లేచి పోయేది. అతని ముందు బిగుసుకోవడం ఆ ఒంటికి అలవాటైపోయింది.

"ఒక నెల ఏం అడగకుండ్రి," అంది ముబష్షిరా. "పేరు పెట్టి గుడ పిలవకుండ్రి. ఊకె కూసోండ్రి. మీతోని భయం లేదని పాపకు ఎర్కయ్యే దాక."

రోజంతా పదిమందికి పనులు పురమాయించే మనిషి, సాయంత్రం ఒక గంట ఏమీ అనకుండా కూర్చోవడం నేర్చుకున్నాడు. మొదట్లో ఆ గంట గడిచేది కాదు. నమ్రత ఈ మూల, అతను ఆ మూల. తర్వాత్తర్వాత అతనికి చాలా కనిపించసాగాయి. గింజ వేసేముందు ఆమె దాన్ని పెదవికి ఆనించుకుంటుంది. చప్పుడు బాగా వస్తే బొటనవేలు కదుపుతుంది. చాముండేశ్వరి పక్కగదిలో దగ్గితే చెయ్యి ఆపుతుంది. ఐదేళ్ళ నుంచి తన ఇంట్లోనే ఉన్న పిల్ల గురించి ఇవేవీ అతనికి తెలియవు.

మార్చి చివర ఒక సాయంత్రం నమ్రత అతని దగ్గరకు రాలేదు గానీ, ఇద్దరికీ మధ్య, నేలమీద, ఒక గింజ పెట్టి వెళ్ళింది. అతను దాన్ని తీసి గ్లాసులో వేసి, "పడె," అన్నాడు. పది లెక్కపెట్టాడు. ఇంకొకటి తెచ్చి పెట్టింది. ఈసారి పెడుతూ మొహం ఎత్తి అతన్ని చూసింది. ఒక్క క్షణం. కళ్ళు తల్లివే అనుకున్నాడు హరనాథ్. ఆ సంగతి కూడా అప్పుడే చూశాడు.

ఏప్రిల్‌లో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. రియాద్‌లో పని పూర్తయింది. ఉత్తరాన మూడువందల కిలోమీటర్ల దూరంలో ఎడారిలో కొత్త సైటు. అక్కడ ఒంటరి మగవాళ్ళకు క్యాంపు గదులు తప్ప సంసారాలకు ఇళ్ళు లేవు. రియాద్‌లో కంపెనీ ఇచ్చిన ఇల్లు జూన్‌లో ఖాళీ చేయాలి.

ఉత్తరం చదివి చాముండేశ్వరి దాన్ని మడిచి క్యాలెండరు వెనక పెట్టింది.

"హిందూపురంలో మా అక్క ఉండాది," అంది. "బెంగుళూరులో ఇట్లాంటి పిల్లోళ్ళ బడి ఒకటుందంట, ముబష్షిరక్క చెప్పింది. రైల్లో పోయి రావచ్చు. ఈడ దానికి ఏ బడీ లేదు."

"నేనూ వచ్చేస్తా."

"వచ్చి ఏం చేస్తారండీ?" అంది. కోపంగా కాదు. నిజంగానే అడిగింది. ఆ బడికి పంపాలన్నా అతని జీతమే ఆధారం.

"ఇప్పుడిప్పుడే నా తట్టు చూస్తాంది చాముండీ," అన్నాడు. చాముండేశ్వరి అతని పక్కన వచ్చి కూర్చుంది.

చివరి గురువారం ముబష్షిరా వచ్చినప్పుడు చాముండేశ్వరి ఆమెకు చీర పెట్టింది. ముబష్షిరా దాన్ని కళ్ళకద్దుకుంది. "నా దగ్గర నేర్చుకునేది నీకింక ఏం లేదు చెల్లె. బడికి పంపినా ఇంట్ల నువ్వు ఇడ్వకు," అంది. వెళ్ళబోతుంటే హరనాథ్ గుమ్మం దగ్గర అడిగాడు.

"ఫోన్లో ఏం చేయల్ల మేడమ్, నేను? పాపతో?"

ఆమె చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగింది. ఇన్నాళ్ళలో ఏదడిగినా ఆమె దగ్గర ఒక ఉపాయం ఉండేది.

"ఫోన్ల కష్టమన్నా," అంది. "మొకం కనబడది కదా."

జూన్ రెండో వారంలో తల్లీకూతుళ్ళు బొంబాయి విమానం ఎక్కారు. విమానాశ్రయంలో మనుషుల రద్దీకి, మైకుల రొదకు నమ్రత చెవులు మూసుకుని తల్లి తొడుక్కున్న నల్లటి అబాయా మడతల్లో తల దూర్చేసింది. హరనాథ్ ఆ గాజుతలుపు దాకా వెళ్ళాడు. కూతురి మొహం అతనికి కనిపించలేదు. వెళ్తున్నామన్న సంగతి ఆమెకు ఎలా చెప్పాలో, చెప్పింది అందిందో లేదో కూడా వాళ్ళకు తెలియదు.

ఎడారి క్యాంపులో శుక్రవారాలు పని ఉండేది కాదు. సాయంత్రం ఐదింటికి ఫోను చేసేవాడు. చాముండేశ్వరి అన్నీ చెప్పేది. పాప బడిలో ముగ్గురు పిల్లల పక్కన కూర్చుంటాంది. బంతి వేస్తే తిరిగి వేస్తాంది. అక్క కూతురు నవ్వితే చూస్తాంది. 'రా' అనింది. 'వద్దు' అనింది. వద్దు అనేది బాగా వచ్చింది, అని నవ్వేది.

"పాపకు ఇయ్యి," అనేవాడు.

చాముండేశ్వరి రిసీవరు కూతురి చెవి దగ్గర పెట్టేది. "నమ్మూ," అని పిలిచి ఎదురుచూసేవాడు. పది దాటేది, ఇరవై దాటేది. ఊపిరి వినిపించేది. తర్వాత ఖంగుమని ఏదో తగిలిన చప్పుడు, మళ్ళీ చాముండేశ్వరి గొంతు.

"ఏం చేసింది?"

"ఫోను తిప్పి వెనక చూస్తాందండీ. ఎప్పుడూ అట్లనే చేస్తాంది."

"ఏముందని?"

"మీరుండారేమోనని." కొంచెం ఆగి, "నాకు తెలీదు. అట్లనిపిచ్చింది," అంది.

ఆ తర్వాత కొన్ని వారాలకు నమ్రత రిసీవరు దగ్గరకు రావడం మానేసింది. బలవంతం చేయొద్దని అతనే చెప్పాడు.

పదమూడు నెలలకు గానీ సెలవు దొరకలేదు. ముప్పై రోజులు. హిందూపురంలో చాముండేశ్వరి అక్క ఇంటి గుమ్మంలో అడుగు పెట్టేసరికి నమ్రత అతన్ని చూసి, చూడనట్టే, లోపలికి వెళ్ళిపోయింది. ఏడేళ్ళ పిల్ల. పొడుగైంది. రెండు జడలు. చాముండేశ్వరి వంటింట్లోంచి "నమ్మూ, బువ్వ," అంటే, "ఇంగ వద్దు," అని స్పష్టంగా చెప్పడం విన్నాడు. ఫోనులో ఎన్నిసార్లో విన్న వార్త అది. చెవులారా వింటూ పెట్టె కింద పెట్టి గుమ్మంలోనే కూర్చున్నాడు.

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. వరండాలో నేలమీద కూర్చునేవాడు. ఏమీ అడగలేదు. పిలవలేదు. నమ్రత అతని చుట్టూ తిరిగి దూరంగా నడిచేది, దారిలో ఉన్న స్తంభాన్ని తప్పుకున్నట్టు. పెద్దమ్మ ఇంట్లో అందరికీ ఆమె చూపు దొరికేది, పాలవాడికి కూడా. పది రోజులు, పదిహేను రోజులు. చాముండేశ్వరి చూసి చూసి, "మీ తప్పు కాదండీ. కనబడకపోతే ఏ బిడ్డకైనా..." అని మధ్యలో ఆపేసింది.

"రెండేండ్లు మాట లేకుండా చేసినా. ఇప్పుడు ఒక ఏడు మనిషి లేకుండా చేసినా," అన్నాడు హరనాథ్. చాముండేశ్వరి అతని చేతిమీద చెయ్యి వేసింది గానీ, కాదనలేదు.

ఇరవై ఏడో రోజు పొద్దున నమ్రత వరండాలోకి వచ్చింది. అతని ఎదురుగా నిలబడి, చూపు అతని చొక్కా గుండీల మీద పెట్టి, అతని చూపుడువేలు పట్టుకుంది. లాగింది. అతను లేచాడు. గేటు దాకా తీసుకుపోయి, అతని చెయ్యి గొళ్ళెం మీద పెట్టింది.

బయటికి పోదాం అంటోందా? నువ్వు పో అంటోందా? ఇక్కడికి వచ్చినవాళ్ళంతా ఆ గేటులోంచే వెళ్ళిపోతారని ఆ పిల్లకు తెలుసా? అతను వెనక్కి తిరిగి చాముండేశ్వరిని చూశాడు.

"ఏమంటాందో నాకూ తెలీదండీ," అంది ఆమె వరండాలోంచి.

హరనాథ్ గొళ్ళెం తీసి, తను ముందు అడుగు వేయకుండా, ఆగాడు. పది లెక్కపెట్టాడు. నమ్రత బయటికి అడుగు వేసింది. వేలు వదల్లేదు. వీధి చివర కిరాణాకొట్టు దాకా నడిచారు. అక్కడ ఆగి, కరెంటు తీగల మీది పక్షులను చాలాసేపు చూసింది. అతనూ చూశాడు. "పిట్టలు," అన్నాడు. తిరిగి వచ్చారు. గేటులోకి రాగానే వేలు వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. మిగిలిన రెండు రోజులూ అతను వరండాలో కూర్చున్నాడు గానీ, నమ్రత మళ్ళీ రాలేదు.

రియాద్ విమానాశ్రయంలో దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. మస్తాన్ వలీ కంపెనీ బండి తెచ్చాడు. పెట్టె వెనక పెట్టి, ముందుసీటు తలుపు తీశాడు. ఊరు దాటి ఉత్తరపు రోడ్డు ఎక్కారు. తర్వాత, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"పాప మీతో మాట్లాడిందా సార్?"

"లేదు," అన్నాడు హరనాథ్.

మస్తాన్ వలీ వేగం పెంచాడు. రెండువైపులా ఇసుక. ముందు పోతున్న ట్యాంకరును దాటి చాలా దూరం వెళ్ళాక హరనాథ్ తనంతట తనే అన్నాడు.

"ఒక దినం వేలు పట్టుకొని వీధిలోకి పిల్చుకొని పోయింది."

"అట్లనా సార్."

"కిరాణాకొట్టు దాకా."

మస్తాన్ వలీ తల ఊపాడు. క్యాంపు ఇంకా రెండు గంటల దూరంలో ఉంది. హరనాథ్ సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు, కానీ నిద్రపోలేదు.